రాకెట్ పెన్నులో సిరా అయిపోయాక

లాల్‌దర్వాజ, హైదరాబాద్
బోనాల మర్నాడు, సోమవారం

చి.ల.సౌ. రుక్మాబాయికి,

నీల బాపు రాయునది. ఈ వాక్యంలో 'ఆశీర్వదించి' అనే మాట ఉండాలని నాకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి ఉత్తరంలోనూ రాశాను. ఈసారి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చదివాక నీకే అర్థమవుతుంది. ఇక్కడ అత్తమ్మ, నీల, రెండు బర్రెలు, అందరూ క్షేమం. నేనూ క్షేమమే. శ్రీహరికోటలో నీ ఒంట్లో బాగుందని, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు మరీ వరసగా పడటం లేదని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. ఒకటో తారీఖున రాజీనామా కాగితం మీ పెద్ద డాక్టరమ్మ చేతికి ఇస్తానని రాశావు. మద్రాసులో ఆపరేషన్ థియేటర్ ట్రైనింగుకు నీ పేరు వచ్చినా వద్దని చెప్పేస్తానన్నావు. మీరు మంచం దిగేదాకా నాకీ కొలువు వద్దు, వచ్చి మీ దగ్గరే ఉంటాను అన్నావు. రుక్మా, ఒక్క మాట విను. ఈ ఉత్తరం ఆఖరుదాకా చదవకుండా ఆ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకు. మధ్యలో నీకు కోపం వస్తుంది. ఉత్తరం చింపేయాలనిపిస్తుంది. చింపు, కానీ మొత్తం చదివి చింపు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీల బడికి బాగానే పోతోంది. లెక్కల్లో నీ పోలిక, అల్లరిలో మీ తమ్ముడు దుర్గయ్య పోలిక. నా పోలిక ఎక్కడా కనపడలేదని మొన్నటిదాకా దిగులుపడేవాణ్ణి. ఇప్పుడు అదే నయమనిపిస్తోంది. జడ తనే వేసుకోవటం నేర్చుకుంది. ఒక జడ పైకి, ఒక జడ కిందికి ఉంటుంది. అత్తమ్మ సరిచేయబోతే ఒప్పుకోదు.

అత్తమ్మ మోకాళ్ళకు నువ్వు పంపిన మందు రాస్తోందా అని అడిగావు. రాయటం లేదు. సీసాను దేవుడి గూట్లో పెట్టి రోజూ బొట్టు పెడుతోంది. అదేమంటే, "నా బిడ్డ అంత దూరం నుంచి పంపింది, ఉత్తగనే ఒడగొట్టుకుంటనా" అంటుంది. ఆ గూట్లోంచి దాన్ని కిందికి దించే పని నువ్వు వచ్చి చెయ్యాల్సిందే. ఫలక్‌నుమా నుంచి దుర్గయ్య రెండుసార్లు వచ్చాడు. అమ్మను ఎన్నాళ్ళు ఇక్కడ పెట్టుకుంటారు, మా ఇంట్లో పిల్లలు ఆమె కోసం ఏడుస్తున్నారు అని నిష్ఠూరమాడాడు. అత్తమ్మే వాణ్ణి గదిమి పంపింది. పెద్ద బర్రె ఈనింది. దూడ ఆడది. పేరు నువ్వే పెట్టాలని నీల ఆపి ఉంచింది.

ఇక పెన్ను సంగతి. దాని గురించి అడిగినదానికి జవాబు ఒక్క ముక్కలో అయ్యేది కాదు, అందుకని మొదటి నుంచీ చెబుతాను.

నువ్వు ఆ పెన్ను పంపించినప్పుడు నేను ఎట్లా ఉన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీలో లారీ మీంచి పడి నడుము పూస చిట్లి, ఛాతీ నుంచి తుంటిదాకా పట్టీ వేయించుకుని, వెల్లకిలా తప్ప పడుకోవటానికి లేదు. పక్కకు తిరగొద్దన్నారు. నీకు ఉత్తరం రాద్దామని అట్ట ముఖం మీదికి ఎత్తిపట్టి రాస్తే బాల్‌పెన్ను నాలుగు అక్షరాలు రాసి మొండికేసేది. విదిలించి మళ్ళీ రాస్తే ఇంకో నాలుగు. పెన్సిల్‌తో రాసిన ఉత్తరాలేమో నీ దగ్గరికి చేరేసరికి అలుక్కుపోయి, "మీ క్షేమం చదవటానికి భూతద్దం కావాలి" అని రాశావు.

అప్పుడు మీ ఆసుపత్రిలో జ్వరంతో పడుకున్న ఆ విదేశీ ఇంజనీరుకు నువ్వు నా బాధ చెప్పావు. ఆయన తన జేబులోంచి తీసి ఇచ్చాడు. పార్సిల్‌లో పెన్నుతోపాటు నువ్వు రాసిన కాగితం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. అంతరిక్షంలో బరువు ఉండదు, అక్కడికి వెళ్ళినవాళ్ళు రాసుకోవటానికి చేసిన పెన్ను ఇది, రీఫిల్ లోపల గాలిని బిగించి మూసేస్తారు, ఆ గాలి సిరాను వెనక నుంచి తోస్తూ ఉంటుంది, అందుకని పైకి పట్టినా కిందికి పట్టినా రాస్తుంది అని. ఆయన ఇంకో తమాషా మాట కూడా చెప్పాడని రాశావు. మామూలు పెన్నుకు భూమ్మీద పడుకుని రాయటమే ఎక్కువ కష్టమట. అక్కడైతే సిరా ఎటూ దిగదు, ఇక్కడ మొనను వదిలి వెనక్కి దిగిపోతుంది. ఆ మాట చదివి నేను చాలా గర్వపడ్డాను. ఆకాశంలో తిరిగేవాళ్ళ కష్టం కంటే నా కష్టం పెద్దదని ఒక ఇంజనీరు ఒప్పుకున్నట్టు అనిపించింది.

ఆ పెన్ను వచ్చాక మన ఇల్లు ఇల్లు కాదు, జనం చూడవచ్చే నుమాయిష్ అయింది. పోయిన ఏడు మనవాడు రష్యావాళ్ళ రాకెట్‌లో వెళ్ళివచ్చినప్పటి నుంచి గల్లీలో అందరికీ అంతరిక్షం అంటే పిచ్చి కదా. ఒక్కొక్కరే వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. నేను అట్ట ఎత్తిపట్టి వాళ్ళ పేరు రాసి చూపించేవాణ్ణి. గ్లాసు నీళ్ళలో కాగితం ముంచి రాసి చూపించేవాణ్ణి. మూలమీది హోటల్ బసవయ్య మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"అమెరికోళ్ళు ఉత్తగ కష్టపడ్డరు రాంచెందరన్నా. రష్యోళ్ళు పెన్సిల్ పట్టుకపోయిన్రు, ఖతం" అన్నాడు ఒకరోజు.

"ఖతం ఎట్ల అయితది బసవన్నా. మొదట్ల అమెరికోళ్ళు గుడ పెన్సిలే పట్టుకపోయిన్రు. దాని మొన ఇరిగిందనుకో, గాడ కింద పడది, గాలిల తిరుగుతది. కంట్ల పడ్తె? మిషిన్ల జొర్రితె? రష్యోళ్ళు రాసింది మైనం పెన్సిల్‌తోని. ఎనక వాళ్ళు గుడ గీ పెన్నే కొనుక్కున్నరు."

"నీకెట్ల తెల్సు?"

"మా ఇంటామె రాకెట్ల కాడ ఉంటది. నాక్గాక ఎవరికి తెలుస్తది?"

అట్లా నీ పేరు చెప్పుకుని నేను పెద్దవాణ్ణయ్యాను. పదిహేనేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసినా గల్లీలో నన్ను ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు రేషన్ కార్డు అర్జీ, కరెంటు మీటరు అర్జీ, బోనాల కమిటీ కరపత్రం, అన్నీ నా దగ్గరికే. "రాకెట్ పెన్నుతోని రాస్తె పని అయితది" అని ఎదురింటి సక్కుబాయి ఎక్కడో అంది, అది పాకింది. ముసలివాళ్ళు కూడా నా తలగడ దగ్గర స్టూలు వేసుకుని "మేస్త్రీ, జెర రాసిపెట్టు" అని బతిమాలేవారు. నేను కళ్ళు మూసుకుని కాస్త ఆలోచించినట్టు నటించి, అప్పుడు రాసేవాణ్ణి.

ఉగాది వెళ్ళాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పట్టీ విప్పారు. మా ఫ్యాక్టరీ కొండల్, అత్తమ్మ నాతో వచ్చారు. కొండల్ బయట ఆటో దగ్గర ఉండిపోయాడు. డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు వెలుతురుకు పెట్టి చూసి, అత్తమ్మను తెర బయట ఉండమని నన్ను లేపి నిలబెట్టి, నాలుగడుగులు వేయించి, మళ్ళీ కూర్చోబెట్టి ఇంగ్లీషులో చెప్పాడు. పూస అతుక్కుంది, ఇక పడుకోవద్దు, రోజూ కాస్త కాస్త నడవండి, నెలలో పనిలోకి పోవచ్చు అని. అత్తమ్మ తెర తీసుకుని వచ్చి నా ముఖంలోకి చూసింది.

"ఏమంటడు అల్లుడా డాక్టరు సాబు?"

నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో ఏమాలోచించానో ప్రమాణం చేసి చెప్పలేను. "ఇంకొన్నాళ్ళు పండుకోవాల్నట అత్తమ్మా" అన్నాను.

ఇదీ రుక్మా. నీకు చెప్పాల్సింది ఇదే.

నీ ఉత్తరంలో అడిగావు కదా. ఆ పెన్నుది నల్ల సిరా, మీ పోయిన రెండు ఉత్తరాలు నీలం సిరాతో ఉన్నాయి, నీల పెన్నుతో రాస్తున్నారా, పడుకుని అది ఎట్లా పలుకుతోంది, పక్కకు తిరిగి రాస్తున్నారేమో, వద్దు, నడుముకు మంచిది కాదు, ఆ ఇంజనీరు మళ్ళీ వస్తే సిగ్గు విడిచి ఇంకో రీఫిల్ అడుగుతాను అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చదవగానే నేను చేతిలో కాగితాన్ని తలగడ కింద దాచాను. నువ్వు అనుమానంతో అడగలేదు. నా నడుము కోసం బెంగతో అడిగావు. నువ్వు అనుమానపడి ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదేమో.

రాకెట్ పెన్నులో సిరా వైశాఖంలోనే అయిపోయింది. ఊరందరి అర్జీలకూ ధారపోశాను మరి. నీకు వచ్చిన పోయిన రెండు ఉత్తరాలూ నేను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, నీల బాల్‌పెన్నుతో రాసినవి. అత్తమ్మ పాలు పోయటానికి వెళ్ళి, నీల బడికి వెళ్ళగానే తలుపు గడియ వేసి లేచేవాణ్ణి. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచేవాణ్ణి. నడక బాగా వచ్చింది. గల్లీలో అడుగుల చప్పుడు వినపడగానే గడియ తీసి వచ్చి పడుకునేవాణ్ణి. ఎవరైనా ఉన్నప్పుడు ఆ ఖాళీ పెన్నునే అట్ట మీద ఊరికే ఆడించేవాణ్ణి. అత్తమ్మ వచ్చినవాళ్ళకు నోటిమీద వేలు పెట్టి, "లొల్లి చెయ్యకున్రి, అల్లుడు నా బిడ్డకు ఉత్తరం రాస్తున్నడు" అని చెప్పేది. కాగితం మీద ఒక్క అక్షరం ఉండేది కాదు.

అంతకంటే చెప్పకూడని సంగతి ఉంది. నువ్వు నర్సువి, నీకు ఇందులో వింత ఉండకపోవచ్చు. నాకు మాత్రం రాస్తుంటే చెవులు కాలుతున్నాయి. మన ఇళ్ళల్లో అత్త అల్లుడి ఎదుట మంచం మీద కూడా కూర్చోదు. అత్తమ్మ ఇన్నేళ్ళలో నా ముందు తల మీది కొంగు దించలేదు. నేను పడుకున్నప్పటి నుంచి పొద్దునా సాయంత్రం నా బెడ్‌పాన్ తీసి కడిగేది ఆమె. మొదట్లో గతిలేక చేయించుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా చేయించుకున్నాను. కాళ్ళు రెండూ బాగుండి, ముసలామెతో, అదీ మీ అమ్మతో ఎత్తిపోయించాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసుకెళ్తుంటే నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. నిద్రపోతున్నానని ఆమె అనుకునేది.

పోయిన శుక్రవారం వాన పడింది. పెరట్లో షాబాద్ బండలు నాచు పట్టి ఉన్నాయి. అత్తమ్మ పాన్ తీసుకుని వెళ్ళింది. దభీమని చప్పుడు, ఒక మూలుగు. నేను ఏమీ ఆలోచించలేదు రుక్మా. ఆలోచించి ఉంటే పడుకునే ఉండేవాణ్ణేమో అని ఇప్పుడు భయం వేస్తోంది. మంచం దిగి పరుగెత్తాను. ఆమె బండల మీద పడి ఉంది. చంకల కింద చేతులు వేసి ఎత్తి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అప్పుడు ఆమె నన్ను చూసింది. ముందు నా ముఖం, తర్వాత నా కాళ్ళు. రెండు చేతులతో నా చీలమండలు పట్టుకుంది.

"నిలవడ్డవా అల్లుడా? నీ కాళ్ళ మీద నువ్వు నిలవడ్డవా?" అంది. నేను జవాబు చెప్పేలోపలే ఆకాశం వైపు చేతులెత్తింది. "అమ్మా, మాంకాళీ, నా మొక్కు ఇన్నవా తల్లీ" అని ఏడ్చింది.

ఆమె మొక్కిన సంగతి నాకు తెలియదు. అల్లుడు లేచి నిలబడితే ఫలక్‌నుమా నుంచి లాల్‌దర్వాజ అమ్మవారి గుడిదాకా చెప్పుల్లేకుండా నడిచివచ్చి బోనం సమర్పిస్తానని మొక్కిందట. రెండు రోజుల్లో బోనాలు. వానలో తడుస్తూ, వాచిన మోకాలితో, ఆమె గల్లీలోకి వెళ్ళి అందరినీ పిలిచింది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నొప్పి అని అరవటానికి లేదు, ఊరుకోవటానికి లేదు.

బసవయ్య డప్పులవాళ్ళను తెచ్చాడు. నాకు పసుపు రాశారు, దండ వేశారు. కొండల్ పరుగున వచ్చి కావలించుకుని ఏడ్చాడు. అందరి సంతోషం చూసి నేనూ ఏడ్చాను. వాళ్ళు అది భక్తి అనుకున్నారు. ఆఖరుకు వెనక వీధి సుశీలమ్మ వచ్చింది. వాళ్ళ చిన్నోడు నీకు తెలుసు, పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది, ఈ ఏడే బడిలో వేశారు. వాణ్ణి ఎత్తుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

"అన్నా, నీ మీద అమ్మ శెయ్యి వడ్డది. జెర మా పోరని కాలు మీద నీ శెయ్యి పెట్టు."

పెట్టాను రుక్మా. వద్దు తల్లీ, నాకు ఏ మహిమా జరగలేదు అని చెప్పటానికి అంతమంది ముందు నోరు పెగల్లేదు. ఆ పిల్లవాడి మోకాలు చల్లగా, చిన్నగా ఉంది. వాడు నా ముఖంలోకి చూస్తున్నాడు, ఇప్పుడే ఏదో జరుగుతుందన్నట్టు. సుశీలమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టింది. నా జన్మలో అంత నీచంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఫ్యాక్టరీలో లారీ మీంచి పడ్డప్పుడే పోయి ఉంటే ఈ చెయ్యి ఈ పని చేసి ఉండేది కాదు అనుకున్నాను.

ఆ తర్వాత ఇంక భరించలేకపోయాను. శనివారం మధ్యాహ్నం అత్తమ్మ వాకిట్లో కూర్చుని బోనం కుండకు సున్నం పూసి పసుపు కుంకుమ దిద్దుతోంది. మోకాలు గుమ్మడికాయంత వాచి, దానికి పసుపుగుడ్డ కట్టుకుని ఉంది. ఆ కాలితో అంత దూరం నడవబోతోంది. నేను వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. డాక్టరు ఏమన్నాడో, నేను ఏమని చెప్పానో, గడియ వేసుకుని నడవటం, ఖాళీ పెన్ను ఆడించటం, పాన్ సంగతి కూడా.

ఆమె చేతిలో పుల్ల ఆగింది. తిడుతుందనుకున్నాను. చెప్పు తీసుకుని కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని మళ్ళీ కుండకు బొట్లు పెట్టటం మొదలుపెట్టింది. కుండ చుట్టూ తిరిగి వచ్చాక అప్పుడు అంది.

"నువ్వు లేసి నిలవడాలని మొక్కిన. నిలవడ్డవ్. మొక్కు మొక్కే."

"అత్తమ్మా, నేను ఎప్పుడో లేసిన. అమ్మవారు లేపలే."

"ఎవరు లేపిన్రో, ఎప్పుడు లేసినవో అమ్మ అడగది. నేను గుడ అడగ. నీ పాన్ ఎత్తిన, నా కొడుకయితె ఎత్తకపోదునా." అక్కడ ఆగింది. పుల్ల కింద పెట్టింది. "గని నా బిడ్డ కొలువు ఇడిసిపెట్టి వస్తనంటున్నది. ఊరు గాని ఊర్ల ఒక్కతే ఉండి, నీ కోసం ఏడ్చుకుంట ఉంటున్నది. అది అడుగుతది. దానికి ఏం చెప్తవో చెప్పు."

ఫలక్‌నుమా నుంచి గుడిదాకా నిన్న ఆమె నడిచింది. బోనం నేను ఎత్తుకుంటానంటే ఇవ్వలేదు. మగవాళ్ళు ఎత్తేది కాదంది. నీల ఒక పక్క, నేను ఒక పక్క నడిచాం. ఆమె ఎక్కడా కూర్చోలేదు. దారిలో మనుషులు నన్ను చూపించి ఏదో చెప్పుకుంటుంటే నేను నేల చూపులు చూస్తూ నడిచాను.

ఈ రోజు వాళ్ళిద్దరూ రంగంలో అమ్మవారు పూని చెప్పే భవిష్యవాణి వినటానికి గుడికి వెళ్ళారు. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని రాస్తున్నాను. అత్తమ్మ అడిగినదానికి జవాబు నీకు చెప్పాలి. ఎందుకు చేశానో ఆమెకు చెప్పలేదు. నీకూ చెప్పకుండా పోస్ట్ చేద్దామని ఒక ఉత్తరం రాసి చింపేశాను.

కొండల్ ఉగాదికి ముందే చెప్పాడు, నా లేత్ మిషన్ వేరేవాడికి ఇచ్చారని. నడుము కోసం నాకు తేలిక పని ఇస్తారట. టూల్ రూమ్ కిటికీలో నిలబడి అడిగినవాళ్ళకు పనిముట్లు అందించి టోకెన్ తీసుకునే పని. నా చేతికింద నేర్చుకున్నవాడు నా మిషన్ మీద, నేను కిటికీలో. మంచం మీద ఉంటే రాకెట్ పెన్ను మేస్త్రీని, మంచం దిగితే టోకెన్లవాణ్ణి. ఇది సగం కారణం. నీకు తెలిసినా పరవాలేదనిపించే సగం.

మిగతా సగం ఇది. నువ్వు అక్కడ రాకెట్లు ఎగిరే చోట ఉన్నావు. పెద్ద పెద్ద ఇంజనీర్లు నిన్ను సిస్టర్ అని పిలుస్తారు. తన జేబులో పెన్ను తీసి ఇచ్చేటంత గౌరవం నీకుంది. ఆ పెన్నుతో నేను గల్లీలో గొప్ప చెప్పుకున్నాను, అదే పెన్ను చూసి లోపల కుళ్ళుకున్నాను. మద్రాసు ట్రైనింగు సంగతి నువ్వు మొదట రాసినప్పుడు నేను ఏమని జవాబు రాశానో చూడు, ఉంటే. నొప్పి ఎక్కువగా ఉంది, నీల నిన్ను తలుచుకుని ఏడుస్తోంది, నువ్వు నీ మంచే చూసుకో అని రాశాను. అందులో నొప్పి అబద్ధం. నీల ఏడవలేదు, గల్లీలో పిల్లలతో ఆడుకుంటూ ఉండేది. కిటికీ దగ్గర కూర్చుని, బాగున్న నడుముతో రాశాను. నువ్వు రాజీనామా ఇస్తానని రాసినప్పుడు నాకు బాధ కలగలేదు రుక్మా. సంతోషం కలిగింది. గెలిచాననుకున్నాను. నాకు అన్నిటికంటే సిగ్గయింది అదే. పాన్ సంగతి కంటే, ఆ పిల్లవాడి మోకాలి కంటే కూడా.

ఇప్పుడు చెయ్యబోయేది చెబుతాను. ఈ ఉత్తరం పోస్ట్ చేసి నేరుగా సుశీలమ్మ ఇంటికి వెళ్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఉమ్మేస్తే తుడుచుకుంటాను. అట్లాంటి కాళ్ళకు ఇనప పట్టీలు కట్టి నడిపిస్తారని నువ్వు ఒకసారి అన్నావు. హైదరాబాదులో ఎక్కడ కట్టిస్తారో, ఎవరిని అడగాలో రాయి. వాణ్ణి ఎత్తుకుని తిప్పే పని నేను చేస్తాను. ఫ్యాక్టరీకి కబురు పంపాను, గురువారం నుంచి టూల్ రూమ్ కిటికీలో ఉంటాను. నీలకు నేనింకా ఏమీ చెప్పలేదు. అమ్మవారు బాపును లేపిందని బడిలో అందరికీ చెప్పుకుంటోంది. దానికి నువ్వు చెప్పమంటే చెప్తాను, నువ్వే వచ్చి చెప్తానంటే ఆగుతాను.

రాజీనామా ఇవ్వకు. నా కోసమైతే అసలే ఇవ్వకు, అంత విలువ నాకు లేదు. నా మీద కోపంతో కూడా ఇవ్వకు. మద్రాసు వెళ్ళు. వెళ్ళేముందు సెలవు దొరికితే ఒకసారి రా. వచ్చినన్నాళ్ళూ నాతో మాట్లాడకపోయినా అడగను. తిట్టాలనిపిస్తే అత్తమ్మ ముందు, గల్లీ ముందు తిట్టు. తిరిగి వెళ్ళేరోజు మాత్రం నీ ట్రంకుపెట్టె స్టేషన్‌దాకా నేనే మోస్తాను. కూలీని పిలవకు.

ఇట్లు,
నీల బాపు,
రామ్‌చందర్